పైత్యరసంలో ఎంజైములు ఉండవు సరే, దాన్ని తయారు చేయడానికి పదిహేడు ఎందుకు?

బెంగళూరు తెలుగువాళ్లు › సైన్సు కబుర్లు

హెబ్బాళ_హాస్టల్ · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాది. మాది హిందూపురం దగ్గర పల్లె, ఇక్కడ హెబ్బాళలో పీజీలో ఉంటున్నా. వచ్చే గురువారం నా సెమినార్.

పదో తరగతిలో మా సార్ బట్టీ పట్టించిన వాక్యం ఇంకా గుర్తుంది: పైత్యరసంలో ఎంజైములు ఉండవు. ఒక మార్కు ప్రశ్న. ఇప్పుడు చూస్తే, కొలెస్టరాల్ నుంచి ఆ రసంలోని ఆమ్లాలు తయారవడానికి పదిహేడు ఎంజైములు కావాలట! స్లైడు గీద్దామని కూర్చుంటే బాణాలు ఈఆర్‌లో (కణంలోని పొరల వల, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) మొదలై, సైటోసాల్‌కి (కణంలోని ద్రవం) వచ్చి, మైటోకాండ్రియాలో దూరి, చివరికి పెరాక్సిజోమ్ అనే చిన్న సంచిలో తేలుతున్నాయి. ఒక్క కొలెస్టరాల్ అణువు ఇన్ని గడపలు తొక్కడం దేనికి? అంతా ఒకచోటే కానిచ్చేయొచ్చుగా? పైగా రెండు పుస్తకాల్లో మెట్ల వరుస రెండు రకాలుగా ఉంది. ఏది గీయాలి?

ఎంజైముల పేర్లు చెప్పక్కర్లేదు, అవి బట్టీ కొట్టేశా. ఎందుకు అన్నదే బుర్రకెక్కట్లేదు.

కుంకుడుకాయ · సోమవారం రాత్రి 11:30

పేర్లు పక్కన పెట్టి ముందు పనేంటో చూడమ్మా. కొలెస్టరాల్ దాదాపు మైనం. 27 కార్బన్లు, ఒకే ఒక్క హైడ్రాక్సిల్, నాలుగు వలయాలూ పలకలా చదును. నీళ్లంటే గిట్టదు. దాన్నుంచి కుంకుడు రసం లాంటిది చేయాలి, ఒక ముఖంతో నూనెనీ ఇంకో ముఖంతో నీటినీ పట్టుకునేది.

అందుకు ఏడో కార్బన్ మీద హైడ్రాక్సిల్ పెట్టాలి, కోలిక్ ఆమ్లమనే పైత్య ఆమ్లమైతే పన్నెండో దాని మీద కూడా. మూడో కార్బన్ మీద పుట్టుకతో ఉన్న హైడ్రాక్సిల్ పై ముఖాన ఉంది, దాన్ని కింది ముఖానికి తిప్పాలి. మొదటి రెండు వలయాలు కలిసేచోట పలకని వంచాలి. తోకలో మూడు కార్బన్లు కోసేసి 24 దగ్గర ఆమ్లం మిగల్చాలి. ఇవన్నీ అయ్యాక హైడ్రాక్సిల్‌లన్నీ ఒకే పక్కకి చేరతాయి. వంపు లేకపోతే ఆ పక్క అనేదే సరిగ్గా ఏర్పడదు. నా మటుకు ఈ కథ మొత్తంలో అందమైన మెట్టు అదే, పుస్తకాలు ఒక్క బాణంతో దాటేస్తాయి.

ఇక ఎక్కడ అన్నది. మొదటి హైడ్రాక్సిల్ పెట్టే సిప్7ఏ1, పన్నెండో చోట పెట్టే సిప్8బీ1, రెండూ పీ450 జాతి, అంటే ఆక్సిజన్ తగిలించే ఎంజైములు. వీటికి ఎలక్ట్రాన్లు అందించే రిడక్టేస్ ఈఆర్ పొరలో నాటుకుని ఉంటుంది, కాబట్టి ఇవీ అక్కడే. మూడో కార్బన్‌ని కీటోన్‌గా మార్చి జంట బంధాన్ని జరిపే హెచ్‌ఎస్‌డీ3బీ7 కూడా ఆ పొరలోదే. జరిగిన జంట బంధాన్ని తీసేసి పలకని వంచేది ఏకేఆర్1డీ1. హైడ్రాక్సిల్‌ని కింది ముఖాన నిలబెట్టేది ఏకేఆర్1సీ4. ఇవి రెండూ సైటోసాల్‌లో తిరిగే కరిగే ప్రొటీన్లు. తర్వాత తోక పని. సిప్27ఏ1 మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంటుంది. ఇదీ పీ450 జాతే కానీ దీనికి ఎలక్ట్రాన్లు మోసుకొచ్చేది వేరే: అడ్రినోడాక్సిన్ అనే చిన్న ఇనుము-గంధకం ప్రొటీన్. తోక చివరి మిథైల్‌ని వరసగా మూడుసార్లు ఆక్సీకరించి ఆమ్లం చేసేస్తుంది. ఒక్క ఎంజైమే మూడు విడతలు.

ఇక కోత. ఆమ్లానికి కోఎంజైమ్-ఏ తగిలించాక పెరాక్సిజోమ్‌లోకి వెళ్తుంది. కోతలో మొదటి ఎంజైము ఏకాక్స్2 చాదస్తపుది, తోక మీది కొమ్మ ఒక పక్కకి తిరిగి ఉంటేనే ముట్టుకుంటుంది. అణువేమో రెండో పక్కకి తిరిగి వస్తుంది. అందుకని ముందు ఏమాకార్ అనే రేసిమేస్ దాన్ని తిప్పి పెట్టాలి. ఏకాక్స్2 పని చేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దాన్ని అక్కడికక్కడే చంపే కెటలేస్ ఆ గదిలో దండిగా ఉంది. కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలని కోసే సామాను కూడా ముందునుంచీ ఆ గదిలోనే ఉంది. ప్రిస్టానిక్ ఆమ్లాన్ని కోసేదీ చాలావరకు ఈ ఎంజైములే.

అంటే ఇది ఒకరు కూర్చుని ప్లాను గీసి కట్టిన ఫ్యాక్టరీ కాదు. పనిముట్లు ఎక్కడుంటే అణువు అక్కడికి పోతుంది, అంతే. కొత్త గది కట్టడం కన్నా నడవడం చవక.

పుస్తకాల వరుస గురించి: వలయాల పని, తోక పని ఒకదాని కోసం ఒకటి ఆగవు. వలయాలు పూర్తికాకముందే తోక ఆక్సీకరణ మొదలవ్వచ్చు. రెండు బొమ్మలూ తప్పు కాదు. వలయాలు ముందు గీసి, పక్కన ఒక చిన్న గీతలో ఆ మాట రాయి.

హెబ్బాళ_హాస్టల్ · సోమవారం రాత్రి 11:52

సార్, ఎలక్ట్రాన్లు అందించేది ఎక్కడుంటే ఎంజైము అక్కడ! ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. థాంక్స్.

జయనగర_జానకి · మంగళవారం ఉదయం 7:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేను సైన్సు మనిషిని కాదు. నాకు పోయినేడు రాళ్లున్నాయని పిత్తాశయం తీసేశారు. మరి ఈ పదిహేడూ దాంతో పాటు పోయినట్టేనా? ఆదివారం ఆంధ్రా మెస్సులో గోంగూర మటన్ తిన్నాక కాస్త భారంగా అనిపిస్తుంది, అందుకు అడుగుతున్నా.

డ్యూటీ_డాక్టర్ · మంగళవారం ఉదయం 8:40

ఒక్కటీ పోలేదు జానకిగారూ. ఎంజైములన్నీ కాలేయ కణాల్లో ఉంటాయి. పిత్తాశయం వట్టి సంపు లాంటిది, నింపి పెట్టుకుని భోజనం వేళకి వదులుతుంది. ఇప్పుడు సంపు లేదు కాబట్టి కొళాయి నుంచి నేరుగా సన్నగా కారుతూ ఉంటుంది. ఒక్కసారిగా నూనె ఎక్కువ పడితే ఆ ధార కొందరికి చాలదు. గుర్రానికీ ఎలుకకీ అసలు పిత్తాశయమే లేదు, హాయిగా బతుకుతున్నాయి. భారం తగ్గకపోతే మాత్రం మీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి, మెస్సు మీదే తోసేయకండి.

ఎలుకల_వార్డెన్ · మంగళవారం ఉదయం 9:05

డాక్టర్ సాబ్, పెద్ద ఎలుకకు లేదు, చిట్టెలుకకు ఉంటది. నేను రోజూ కోసేది గదే. రెంటినీ కలిపేస్తే మా ల్యాబుల లొల్లి అయితది 😀

హెబ్బాళ చెల్లె, అసలు ముచ్చట మొదటి ఎంజైము కాడ ఉన్నది. సిప్7ఏ1 కాలేయంల తప్ప ఇంకెక్కడా దొరకదు, మొత్తం దారికి గేటు అదే. గేటు ఎవలు తీస్తరు, ఎవలు మూస్తరు అన్నది చెప్పకపోతే నీ సెమినారు సగమే.

మీ పీజీకి నీళ్ల క్యాన్లు ఏసే పిల్లగాన్ని చూసినవా? ఖాళీ క్యాన్లు ఎనక్కి వస్తున్నంత సేపు వాడు కొత్తవి కొనడు. కాలేయం కూడా గంతే. ఒంట్ల మొత్తం పైత్య ఆమ్లాలు ఓ మూడు గ్రాములు. అవే రోజుకు ఎన్నోసార్లు పేగులకు పోయి, చిన్నపేగు చివర్ల నూటికి 95 పాళ్లు మళ్లా కాలేయానికి చేరుతయి. పోయిన కొంచానికి మాత్రమే కొత్తవి, రోజుకు అర గ్రాము అటూఇటూ. వాపసు వచ్చినయని కబురు చెప్పేది ఎఫ్‌ఎక్స్‌ఆర్, జీన్లను నడిపే స్విచ్చు లెక్క పనిచేసే ప్రొటీను. పేగు కణంల ఆ ఎఫ్‌ఎక్స్‌ఆర్ లేస్తే ఎఫ్‌జీఎఫ్19 అనే హార్మోను రక్తంల కలిసి కాలేయానికి పోయి సిప్7ఏ1 జీన్‌ను అణచేస్తది. పైత్య ఆమ్లాలే ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను తట్టి లేపుతయని 1999ల బయటపడ్డది. ఇంకో పక్క, కొలెస్టరాల్ ఎక్కువైతే ఎల్‌ఎక్స్‌ఆర్ అనే గసువంటి ఇంకో స్విచ్చు లేచి సిప్7ఏ1ను పెంచుతది. తిన్న కొవ్వు గట్ల ఖర్చయిపోతది.

పాత_పీజీ · మంగళవారం మధ్యాహ్నం 1:20

చివరి రెండు ముక్కలు సరిదిద్దాలి వార్డెన్‌గారూ. ఎల్‌ఎక్స్‌ఆర్ సంగతి మీ ఎలుకల్లో నిజం. మనుషుల సిప్7ఏ1 జీన్‌కి ఆ పట్టు లేదు. ఎలుకకి కొలెస్టరాల్ తినిపిస్తే పైత్య ఆమ్లాలు చేసి తప్పించుకుంటుంది, మనం అంత తేలిగ్గా తప్పించుకోలేం. ఆ అమ్మాయి ఈ వాక్యం స్లైడు మీద పెడితే పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు.

క్యాన్ల పోలిక మాత్రం బాగుంది. దానికి ఒకటి కలపొచ్చు. కొలెస్టిరమిన్ అనే పాత మందు పేగులో పైత్య ఆమ్లాలని అంటిపెట్టుకుని మలంలోకి లాక్కుపోతుంది. ఖాళీలు వాపసు రావు. గేటు తెరుచుకుంటుంది, కాలేయం తన కొలెస్టరాల్‌ని ఖర్చుపెడుతుంది, ఆ లోటు తీర్చుకోవడానికి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని (కొలెస్టరాల్ మోసే రేణువులు) లాక్కుంటుంది. ఆ మందు అసలు రక్తంలోకే వెళ్లదు, అయినా రక్తంలో కొలెస్టరాల్ తగ్గిస్తుంది. తిరగేసి చూస్తే, సిప్7ఏ1 జీన్ రెండు ప్రతులూ చెడిపోయినవాళ్ల గురించి 2002లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. వాళ్లకి ఎల్‌డీఎల్ ఎక్కువ, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులకి సరిగ్గా లొంగలేదు.

ఎలుకల_వార్డెన్ · మంగళవారం మధ్యాహ్నం 1:44

ఒప్పుకున్నా అన్నా. ఎలుకల మధ్య ఉండి ఉండి మనుషులను మర్చిపోయిన. ఇంకోటి నేనే చెప్తా. కోలిక్ లెక్కనే మనకున్న ఇంకో పైత్య ఆమ్లం కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం. చిట్టెలుక దాన్ని గట్లే ఉంచదు, సిప్2సీ70 అనే ఎంజైముతోని మ్యూరికోలిక్ ఆమ్లం చేస్తది. మనకు ఆ సిప్2సీ70 లేదు. మా ఫలితాలు మనుషులకు సీదా అంటించొద్దు అనేది గందుకే.

అవెన్యూ_రోడ్డు · మంగళవారం సాయంత్రం 6:10

పాత పుస్తకాల పిచ్చోడిని, చరిత్ర లేకుండా వదల్లేను. పైత్య ఆమ్లాల నిర్మాణానికి 1927 సంవత్సరపు నోబెల్ వీలాండ్‌కి వచ్చింది. తమాషా ఏంటంటే ఆయన గీసిన బొమ్మ తప్పు! 1932లో బెర్నాల్ ఎక్స్‌రే కొలతలు వచ్చాక అణువు అంత పొట్టిగా, లావుగా ఉండదని తేలి, వలయాల బొమ్మ మార్చారు. వీలాండ్ కూడా ఆ ఏడే సరిచేసుకున్నాడు. కొలెస్టరాలే కోలిక్ ఆమ్లంగా మారుతుందని నేరుగా చూపింది 1943లో బ్లాక్ బృందం. బరువు హైడ్రోజన్ తగిలించిన కొలెస్టరాల్‌ని కుక్కకి ఇచ్చి, అది కోలిక్ ఆమ్లంలో తేలడం చూశారు. కొలెస్టరాల్ పేరులోని కోలె అంటే గ్రీకులో పైత్యమే, మొదట దొరికింది పిత్తాశయపు రాళ్లలో కాబట్టి.

మన గోరోచనం కూడా ఆవు పిత్తాశయపు రాయే కదా. మనం దాన్ని పూజకి వాడుకుని, పైత్యం అనే మాటని మాత్రం తిక్కకి ఇచ్చేశాం.

కోలారు_మేనమామ · మంగళవారం రాత్రి 9:58

నేను చదువుకున్నోణ్ణి కాదు, కోలారులో పట్టుగూళ్ల వ్యాపారం. మా అక్క కొడుకు రిపోర్టులో రాసిన పేరు వెతుకుతా ఈడికొచ్చినా. సిప్27ఏ1. కుంకుడుకాయ సారు పైన అదే రాసినాడు, గుండె ఆగినట్టాయ.

పిల్లోడికి పసితనంలో ఎప్పుడూ విరేచనాలే. పాలు పడలేదన్నారు, నీళ్లు మార్చమన్నారు. పదమూడో ఏట రెండు కండ్లకీ శుక్లాలు. ఇంత చిన్నోడికి ముసలోళ్ల జబ్బేందని ఆపరేషన్ చేసినారు, ఎందుకొచ్చిందని ఎవరూ అడగలా. చదువు ఎక్కలేదు, మందబుద్ధి అనుకున్నాం. ఇరవై దాటినాక మడమల ఎనక గడ్డలు. ఎముకల డాక్టరు కోసేస్తా అన్నాడు. కొలెస్టరాల్ గడ్డలేమో అని రక్తం చూస్తే కొలెస్టరాల్ మామూలుగానే ఉంది. ఆ మాటతో ఇంకో మూడేండ్లు పోయ. నడకలో తూలడం మొదలైనంక ఈడ బెంగళూరులో ఒక నరాల డాక్టరమ్మ అన్నీ ఒక కాగితం మీద రాసింది: విరేచనాలు, కండ్లు, మడమలు, నడక. రాసి తలెత్తి, వీళ్లమ్మా నాన్నా ఏమవుతారు అని అడిగింది. మా అక్కని ఇచ్చింది మా అమ్మ తమ్ముడికే.

నాకు అర్థం కానిది ఒకటే. లివర్లో ఎంజైము చెడితే కండ్లకీ మెదడుకీ ఏం సంబంధం సారూ? పైత్యం మందే కదా, రాళ్లకి ఇచ్చే ఉర్సో మాత్ర ఇస్తే చాలదా అని మా ఊరి డాక్టరు అంటున్నాడు.

డ్యూటీ_డాక్టర్ · మంగళవారం రాత్రి 11:35

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. దీన్ని సెరెబ్రోటెండినస్ జాంథోమటోసిస్ అంటారు. 1937 నుంచీ పుస్తకాల్లో ఉంది, అయినా చాలామందికి ఇలాగే, ఒక్కో డాక్టరు ఒక్కో ముక్క చూసి పంపేస్తాడు. మాలో నేనూ ఉన్నాను.

మెదడుకి సంబంధం గేటు దగ్గరే ఉంది. సిప్27ఏ1 లేకపోతే తోక పని ఆగుతుంది. కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం దాదాపు తయారవదు. గేటు మూయడంలో గట్టి చెయ్యి దానిదే. అది లేదు కాబట్టి సిప్7ఏ1 తెరిచిన గేటులా ఉండిపోతుంది. కొలెస్టరాల్ లోపలికి వస్తూనే ఉంటుంది, మధ్యలో సగం పనైన సరుకు గుట్టలు పడుతుంది. అందులో కొంత కొలెస్టనాల్ అనే దగ్గరి చుట్టంగా మారి మెదడులో, మడమ వెనక కండరాన్ని ఎముకకి కట్టే పట్టీలో, కంటి కటకంలో పేరుకుంటుంది. మామూలు కొలెస్టరాల్ పరీక్షలో అది తేలదు. కొలెస్టనాల్‌ని విడిగా చూడాలి.

అందుకే మందు కూడా ఆ లేని ఆమ్లమే. కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం ఇస్తే గేటు మూతపడుతుంది, కొలెస్టనాల్ తగ్గుతుంది. అమెరికాలో ఈ జబ్బుకని 2025లో అనుమతి వచ్చింది, అంతకుముందు నుంచే వాడుకలో ఉంది. ఉర్సో దానికి కవల లాంటిదే, ఏడో కార్బన్ మీద హైడ్రాక్సిల్ రెండో ముఖాన ఉంటుంది, అంతే తేడా. ఆ తేడాతోనే అది గేటు మూయలేదు. మీ ఊరి డాక్టర్‌గారికి ఈ మాట చెప్పండి, తప్పుపట్టుకోరు. మందు ఎంత, ఎలా అన్నది ఆ నరాల డాక్టర్‌గారే చూడాలి, ఇక్కడ నేను చెప్పకూడదు.

ఇంకొకటి అడగాలి. అబ్బాయికి తోడబుట్టినవాళ్లు ఉన్నారా? అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఒక్కో చెడ్డ ప్రతి ఉంటుంది, వాళ్లకి ఏమీ కాదు. ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం.

ఎలుకల_వార్డెన్ · బుధవారం ఉదయం 8:12

మామా, మీ పిల్లగాడు మంచిగుండాలె. చిట్టెలుకల సిప్27ఏ1 తీసేస్తే ఈ గడ్డలు, ఈ మెదడు జబ్బు రావు. గందుకే మా ల్యాబులల్ల దీన్ని చదువుడు కష్టం. మీరు రాసిన నాలుగు ముక్కలు మా ఎలుకలు చెప్పలేవు.

పాత_పీజీ · బుధవారం ఉదయం 10:30

హెబ్బాళ అమ్మాయికి: దీన్ని సెమినార్లో పెట్టు, అయితే మడమ గడ్డల ఫొటో కోసం పెట్టొద్దు. మెట్టు మారితే జబ్బు ముఖమే మారిపోతుందని చూపించడానికి పెట్టు. హెచ్‌ఎస్‌డీ3బీ7 పోతే పసిబిడ్డకి కామెర్లు. పక్కింటి దారిలోని (పైత్య ఆమ్లాలు తయారయ్యే రెండో దారి) సిప్7బీ1 పోతే కొందరికి పెద్దయ్యాక కాళ్లు బిగుసుకుపోయే జబ్బు. పెరాక్సిజోమ్‌లే సరిగ్గా ఏర్పడని జెల్‌వెగర్ పిల్లల్లో 27 కార్బన్ల ఆమ్లాలు కోత పడక అలాగే మిగిలిపోతాయి. నీ నాలుగు గదుల బొమ్మ ఉత్త బొమ్మ కాదని వీటితోనే తెలుస్తుంది.

డ్యూటీ_డాక్టర్ · బుధవారం మధ్యాహ్నం 2:05

హెచ్‌ఎస్‌డీ3బీ7 గురించి ఒక్క మాట, పిల్లల వార్డులో ఎవరైనా ఇది చదువుతుంటే పనికొస్తుంది. కామెర్లున్న బిడ్డ. పైత్యం ఆగినట్టే ఉంటుంది, కానీ జీజీటీ (రక్తంలో కొలిచే కాలేయ ఎంజైము) మామూలుగా వస్తుంది, దురద ఉండదు, రక్తంలో పైత్య ఆమ్లాలు తక్కువ. జీజీటీని కాలేయ కణాల పొర నుంచి కడిగి వదిలించేది పైత్య ఆమ్లాల సబ్బు గుణమే. సబ్బే లేకపోతే జీజీటీ బయటికి రాదు. అదే పైత్య ఆమ్లాలు బయటికి పోయే దారి మూసుకున్న జబ్బుల్లో కొన్నిటిలోనూ జీజీటీ తక్కువే, కానీ అక్కడ ఆమ్లాలు రక్తంలో ఎక్కువ, బిడ్డ ఒళ్లంతా గోక్కుంటుంది. ఆ ఒక్క తేడా పట్టుకుంటే నోటి ద్వారా కోలిక్ ఆమ్లం ఇచ్చి కాలేయాన్ని కాపాడుకోవచ్చు. ఇది ఆ మందుతో నిజంగా కోలుకునే జబ్బు.

జయనగర_జానకి · బుధవారం సాయంత్రం 5:50

నా గోంగూర ప్రశ్న దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్లారు. సగం అర్థం కాలేదు గానీ మొత్తం చదివాను. కోలారు తమ్ముడూ, మీ అక్కగారిని అడిగానని చెప్పండి.

హెబ్బాళ_హాస్టల్ · గురువారం సాయంత్రం 4:25

అయిపోయింది! నలభై నిమిషాలు అనుకున్నది గంటా పది నిమిషాలు పట్టింది. మా మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న: సిప్8బీ1 లేకపోతే ఏమవుతుంది? కోలిక్ ఆమ్లం ఉండదు, కీనో వైపే పోతుంది, ఎలుకల్లో అయితే పేగులో కొలెస్టరాల్ ఇంకడం కూడా తగ్గుతుంది అన్నా. రెండో ప్రశ్న: కొలెస్టరాల్ ఎక్కువైతే మనుషుల్లో గేటు పెరుగుతుందా? పాత_పీజీ సార్, మీకు మైసూర్‌పాక్ బాకీ. వార్డెన్ అన్నా, మీ క్యాన్లు నా స్లైడు మీద ఎక్కాయి, క్లాసంతా నవ్వారు.

కోలారు మామా, మీ అనుమతి లేదు కాబట్టి మీ ఇంటి సంగతి చెప్పలేదు. డాక్టరమ్మ కాగితం మీద రాసిన నాలుగు మాటలు మాత్రం బోర్డు మీద రాశా. ఏ ఎంజైమో చెప్పమంటే క్లాసులో ఒక్కడే చెప్పాడు.

కోలారు_మేనమామ · గురువారం రాత్రి 10:15

రాసింది మంచిదేలే తల్లీ.

డాక్టర్ సారూ, మీరు అడిగినారు కదా. పిల్లోడికి ఒక చెల్లెలుంది, పదహారేండ్లు. దానికీ చిన్నప్పుడు కడుపు నిలిచేది కాదని మా అక్క ఇప్పుడు చెప్పింది. కండ్లు బాగానే కనపడతాయి, చదువు కూడా బాగుంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మనింది. పొద్దున్నే ఆరింటి రైలుకి బయల్దేరి రక్తం ఇచ్చొచ్చినాం. మందు తొందరగా మొదలుపెడితే నడక దాకా రాకుండా ఆపొచ్చంట. రిపోర్టు రాంగానే ఈడే రాస్తా.